కాంటోరెక్ మాస్టరు తరగతి

ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చున్న బాలురు ఒకేసారి సైన్యమున చేరినచో వారి చదువేమగును, చెలిమి యేమగును? ఎరిక్ మరియా రెమార్క్ రచించిన జర్మను నవల యీ ప్రశ్న చుట్టునే తిరుగును. ‘పశ్చిమమున విశేషమేమియు లేదు’ అని దాని పేరునకర్థము. ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అను ఆంగ్లానువాదము మనవారికి పరిచితము. 1928 చివర ఒక బెర్లిను దినపత్రికలో ధారావాహికగా వచ్చి, 1929లో గ్రంథరూపమున వెలువడినది. ఉపాధ్యాయులు దీనిని తప్పక చదువవలెనని నా అభిప్రాయము. ఏలయన, ఇందలి యుద్ధము తరగతి గదిలోనే ఆరంభమైనది.

కాంటోరెక్ అను మాస్టరు డ్రిల్లు గంటలలో దేశభక్తినిగూర్చి సుదీర్ఘముగా ఉపన్యసించి, తుదకు తరగతినంతను వెంటబెట్టుకొనిపోయి సైన్యమున చేర్పించెను. యోసెఫ్ బేమ్ అను స్థూలకాయుడు మాత్రము వెనుదీసెను. కాని, పిరికివాడను మాటకు వెరచి వాడును చేరెను. మొట్టమొదట కూలినవాడు వాడే. మాస్టరు దుష్టుడు కాడు సుమా! తాను మేలే చేయుచున్నానని మనసార నమ్మినవాడు. అందుకే ఆయనను చూచిన భయమగును. పిదప ఆయనకే పిలుపు వచ్చి, తన పూర్వశిష్యుని చేతిక్రింద కవాతు చేయవలసివచ్చును. ఆ ఘట్టము హాస్యమే. నాకు మాత్రము నవ్వు పూర్తిగా రాలేదు.

ముల్లర్ అను విద్యార్థి యుద్ధరంగమునకు సైతము పాఠ్యపుస్తకములు మోసికొనిపోయెను. ఫిరంగులు మ్రోగుచుండగా భౌతికశాస్త్ర సూత్రములు వల్లెవేయును. అట్టివాడు, కాలు తీసివేయబడి ఆసుపత్రిలో మరణించుచున్న కెమ్మెరిక్ మంచము చెంత నిలిచి అతని బూట్లపై కన్ను వేయును! ఆ బూట్లు మిత్రునికి మరల పనికివచ్చునన్నచో వాటి మాటయే యెత్తడు. కాని యిక పనికిరావు. మంచి బూట్లు దొరకుట దుర్లభము. కెమ్మెరిక్ అనంతరము ముల్లర్‌కు, ముల్లర్ కూలిన పిమ్మట కథకుడైన పౌల్‌కు ఆ జోడు సంక్రమించును. తన తరువాత ఎవరికో పౌల్ ముందుగనే మాట యిచ్చియుంచెను. శోకము లేక కాదు, శోకించుటకు వ్యవధి లేక.

సెలవుపై ఇల్లు చేరిన పౌల్ తన గదిలోని పుస్తకముల బీరువా యెదుట కూర్చుండును. ట్యూషనులు చెప్పిన సొమ్ముతో కొన్న పుస్తకములవి. ఒక్కొక్కటి తీయును, పుటలు త్రిప్పును. అక్షరములు కనబడును గాని మునుపటి ఆనందము రాదు. ఆ పిమ్మట కెమ్మెరిక్ తల్లిని చూడబోయి, నీ కుమారుడు బాధ యెరుగక తత్‌క్షణమే పోయినాడని ఆమెతో అబద్ధమాడును. గ్రంథమంతటిలో నన్ను ఎక్కువగా కలచినవి యీ రెండు ఘట్టములే.

రెమార్క్ 1898లో ఓస్నాబ్రూక్ పట్టణమున జన్మించెను. ఉపాధ్యాయ శిక్షణలో నుండగనే 1916లో సైన్యమునకు పిలువబడి, మరుసటి యేడు గాయపడెను. యుద్ధానంతరము కొంతకాలము ప్రాథమిక పాఠశాలలలో పంతులుగా పనిచేసెను. అనగా, బల్లకు ఇరువైపుల నుండియు చూచినవాడు. నాజీలు 1933లో ఆయన గ్రంథమును బహిరంగముగా దగ్ధము చేసిరి. 1938లో ఆయన పౌరసత్వమును రద్దు చేసిరి.

నవలలో, ఆ తరగతి నుండి వచ్చిన యేడుగురిలో చివరివాడుగా మిగిలిన పౌల్, యుద్ధవిరామమునకు కొలది వారములు ముందు, 1918 అక్టోబరులో మరణించును. ఆనాటి సైనిక నివేదికలో చెప్పుకొనదగిన విశేషమేదియు నమోదు కాలేదు.