కుష్ఠు నాడీరోగ నిర్ధారణలో అల్ట్రాసౌండ్

కుష్ఠు చర్మవ్యాధిగా ప్రసిద్ధమైనా, అది మిగిల్చే అంగవైకల్యానికి మూలం నాడులే. మైకోబాక్టీరియం లెప్రే నాడీతంతువులను ఆవరించిన ష్వాన్ కణాలలో చేరుతుంది. నాడి వాచి లావెక్కుతుంది. అందుచేతనే మోచేతి వెనుక అల్నార్ నాడిని వేళ్ళతో తడిమి చూడటం వైద్యులకు పరిపాటి. అనుభవజ్ఞుల వేలిస్పర్శ విలువైనదే. అయినా ఒకరికి లావుగా తోచిన నాడి మరొకరికి మామూలుగా తోచవచ్చు.

అల్ట్రాసౌండ్ ఇక్కడ కొలతను సమకూరుస్తుంది. గర్భస్థ శిశువును చూసే ప్రోబ్ ఇందుకు చాలదు. సాధారణంగా 12 మెగాహెర్ట్జ్ లేదా అంతకు మించినది కావాలి. అడ్డుకోతలో ఆరోగ్యవంతమైన నాడి తేనెపట్టులా కనిపిస్తుంది. వ్యాధిగ్రస్త నాడిలో ఆ అమరిక చెదిరి, వైశాల్యం పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎక్కడ ఉన్నదనేది మరింత కీలకం. మోచేతి వద్ద నాడి నలిగినప్పుడు వాపు ప్రాయికంగా ఆ సంధి దగ్గరే ఉంటుంది; కుష్ఠులో దానికి కొన్ని సెంటీమీటర్ల పైన. ఈ భేదాన్ని గమనించకపోతే, చిటికెనవేలు మొద్దుబారిన రోగికి బహుళ ఔషధ చికిత్స అందవలసిన చోట శస్త్రచికిత్సతో సరిపెట్టే ప్రమాదం ఉన్నది.

హైదరాబాదులో 20 మంది రోగులను, 30 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, రియాక్షన్ దశలోని నాడులలో పెరిగిన రక్తప్రవాహాన్ని కలర్ డాప్లర్ చూపింది. ఆ దశలో స్టెరాయిడ్ చికిత్స ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు. అయితే నాడి ఎంతమేరకు పనిచేస్తున్నదో చిత్రం చెప్పదు. అందుకు నెర్వ్ కండక్షన్ పరీక్ష, స్పర్శ పరీక్ష అవసరమే. నాడి మామూలు పరిమాణంలో కనిపించినంత మాత్రాన కుష్ఠు లేదని తేల్చనూ రాదు.