మెరుపు పూతకు ఎంత చెల్లించాలి?
కొత్త కారుకు డీలర్లు అంటగట్టే ‘పెయింట్ ప్రొటెక్షన్’తో ఒరిగేది కొంతే

బేరం కుదిరింది, రుణం మంజూరైంది. ఇక తాళాలు అందుకోవడమే తరువాయి అనుకుంటుండగా బిల్లులో మరో పద్దు చేరుతుంది: పెయింట్ ప్రొటెక్షన్. లక్షలు పోసినవారు మరికొన్ని వేలకు వెనకాడరన్నది డీలర్ల ధీమా.

నిజానికి రంగును ఎండ నుంచి కాపాడే క్లియర్ కోట్ అనే పారదర్శక పొరను ఫ్యాక్టరీలోనే వేస్తారు. 2000 దశకంలో జోరుగా అమ్ముడైన టెఫ్లాన్ పూత సంగతే చూడండి. పెనానికి టెఫ్లాన్ పట్టాలంటే 300 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేయాలి. షోరూంలో గుడ్డతో రుద్దితే ఆ పట్టు రాదు. సిరామిక్ పూత కాస్త నయం. దానిపై నీరు నిలవదు, మురికి తేలిగ్గా వదులుతుంది. కానీ రాయి ఎగిరొచ్చి తగిలితే అదీ చేతులెత్తేస్తుంది. ఆ దెబ్బను కాచుకునేది మందపాటి పాలీయురెథేన్ ఫిల్మ్. దాని ఖరీదూ ఎక్కువే.

పూత వేయించుకుంటేనే కారు ఇస్తామంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఒప్పుకోదు. కాబట్టి నిక్షేపంగా వద్దనొచ్చు. కావాలనుకుంటే బయటి ధరలు వాకబు చేసి, వారంటీ షరతులు రాతపూర్వకంగా తీసుకోవాలి. నీడన నిలిపి, పక్షి రెట్టలు వెంటనే కడిగి, అప్పుడప్పుడు వాక్స్ పట్టించే ఓపిక ఉన్నవారికి ఆ పద్దు అనవసరం.