షుగర్ వ్యాధి - చేతిలో సెల్‌ఫోన్

'ఆరోగ్యమే మహాభాగ్యం' అని చిన్నప్పుడు చూచిరాత పుస్తకాల్లో ఎన్నోసార్లు రాశాం. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉందని తెలిసిన రోజున ఆ మాటకు అర్థం తెలుస్తుంది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఇది ఇప్పుడు పట్నం వాళ్ల జబ్బు మాత్రమే కాదు.

ఈ వ్యాధికి సాయపడే పరికరాలు చాలా వచ్చాయి. గ్లూకోమీటరు స్ట్రిప్పు మీద రక్తపు చుక్క పెడితే, అందులోని ఎంజైము గ్లూకోజుతో చర్య జరిపి అతి స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తుంది. దాన్ని కొలిచి మీటరు అంకె చూపుతుంది. చేతికి అంటించుకునే సెన్సారు కొద్ది నిమిషాలకోసారి రీడింగు తీసి ఫోనుకు పంపుతుంది. వీడియోలో డాక్టరు సలహా ఇచ్చే ఈ-సంజీవని 2019 నవంబరులో మన రాష్ట్రంలోనే మొదలైంది.

మరి ఇన్ని ఉన్నా, కొన్నవాళ్లు కూడా మూలన ఎందుకు పడేస్తారు?

మా నాన్న సంగతి చెబుతాను. స్కాలర్‌షిప్ డబ్బుతో మీటరు కొనిచ్చి, వారానికోసారి ఫోనులో రీడింగు చెప్పమన్నాను. 240 అన్నప్పుడల్లా "ఏం తిన్నావు?" అని కోప్పడ్డాను. తర్వాత ఎప్పుడడిగినా 130 అనేవాడు. సంక్రాంతి సెలవులకు వెళ్లి చూస్తే స్ట్రిప్పుల డబ్బా కదల్లేదు. "నిజం చెబితే తిడతావు, చెప్పకపోతే దిగులు పడతావు. అందుకే మంచి అంకె చెప్పానురా" అన్నాడు. తప్పు మీటరుది కాదు, నాది.

డాక్టర్ల ఇబ్బంది వేరు. బయట ఓ.పి. లైను ఉంటుంది. ఒకే వివరం రిజిస్టరులోనూ కంప్యూటరులోనూ ఎక్కించాలంటే రోగి ముఖం చూసే సమయం పోతుంది. రాత్రి పూట వచ్చిన రీడింగుకు ఎవరు జవాబుదారీ అన్నదీ తేలదు.

పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండె జబ్బు ముప్పున్న వారిని గుర్తింపజేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బి.పి. అదుపులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గుర్తించడం ఒక ఎత్తు, వైద్యం నిలకడగా సాగడం మరో ఎత్తు.

దీనికి భిన్నమైన ఫలితమూ ఉంది. షుగర్ వచ్చే అవకాశమున్న 537 మంది మగవారిపై దక్షిణ భారతంలో జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. రెండేళ్లలో మామూలు సలహా పొందిన వారిలో 27 శాతం మందికి షుగర్ వస్తే, క్రమంగా ఎస్.ఎం.ఎస్.లు అందుకున్న వారిలో 18 శాతానికే వచ్చింది. ఆ సందేశాలు తిండి, నడక గురించి ఏం చేయాలో చెప్పాయి.

కాబట్టి అంకె వెనుక ఒక మనిషి, అంకె తర్వాత ఒక దారి ఉండాలి. 2023 ఏప్రిల్ 6న మన పల్నాడులోని లింగంగుంట్లలో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ పథకం ఉద్దేశం కూడా, తెలిసిన డాక్టరే 104 వాహనంలో ఊరికి రావాలన్నదే.

మిత్రులారా! మన ఇళ్లలో ఫోను చదివేది మనమే. ఏ అంకెకు ఏం చేయాలో డాక్టరునడిగి, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించండి. ఒక్కటి ఇప్పుడే గుర్తుంచుకోండి. మాత్ర వేసుకుని, తినకుండా మిరప కోతకు వెళ్లిన వారికి చెమటలు, వణుకు వస్తే షుగర్ పడిపోయి ఉండవచ్చు. 70 కంటే తక్కువైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు మా నాన్న 210 అంటే "సరే నాన్నా, రేపు ఇద్దరం కలిసి డాక్టరును అడుగుదాం" అంటున్నాను. స్ట్రిప్పులు అయిపోవస్తున్నాయని మొన్న ఆయనే ఫోన్ చేశాడు.