పుట్టెడు కష్టంలో పిడికెడు కృతజ్ఞత
(మా ప్రతినిధి)

డిసెంబరు నెల వచ్చిందంటే హైదరాబాదులోని బేగం బజార్‌లో కాలు మోపడానికి చోటుండదు. గౌలిగూడ బస్ స్టేషన్‌లో దిగిన పల్లె జనం అఫ్జల్‌గంజ్ మీదుగా నడిచి ఈ బజారుకు చేరుకుంటారు. పెండ్లి సామాను కొనేవారు, ఊళ్లో కిరాణా దుకాణం నడిపేవారు, పసుపు, జీలకర్ర, ఎండుమిర్చి టోకున తీసుకుపోయేవారు ఒకరినొకరు తోసుకుంటూ సాగుతుంటారు. క్రిస్మస్ దగ్గర పడే కొద్దీ వీరికి తోడు నక్షత్రాల కోసం, రంగు కాగితాల కోసం వచ్చే క్రైస్తవ కుటుంబాలూ కలుస్తాయి. రెండవ అసఫ్ జా నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసినందున దీనికి బేగం బజార్ అనే పేరు వచ్చిందంటారు.

ఈ రద్దీలో ఇత్తడి, రాగి సామాన్లు తూకానికి అమ్మే ఒక దుకాణం ముందు ఒక ఇల్లాలు మాకు తారసపడింది. వయసు నలభై దాటి ఉంటుంది. చేతిలో గుడ్డసంచి, కొంగున ముడి వేసిన డబ్బు. మూత ఉన్న ఇత్తడి గిన్నె ఒకటి ఎంచుకుని బేరమాడుతున్నది. మాటల మధ్యలో ఈ ఏడు పత్తి వానకు నల్లబడి పోయిందని చెప్పింది. ఆ మాట విన్న సేటు, "పంట పోయిందంటున్నవు, ఇత్తడి ఎందుకమ్మా? స్టీలుది తీసుకో, తక్కువల వస్తది" అన్నాడు.

"స్టీలుది ఇంట్లకు సేటు. ఇది చర్చికి. మాట ఇచ్చిన" అన్నది ఆమె.

పంట పోయిన ఏడాది కానుక ఏమిటన్న సందేహం మాకూ కలిగింది. అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. వానకాలంలో కూతురికి డెంగీ జ్వరం వచ్చింది. పట్నం ఆస్పత్రిలో చేర్చారు. రక్తం కావాలన్నారు. "మా వాడకట్టు పోరగాండ్లు నలుగురు రాత్రికి రాత్రే బండ్లేసుకోని వచ్చిండ్రు సారు. అండ్ల మా చర్చికి వచ్చేటోడు ఒక్కడే. కడమ ముగ్గురికి మా చర్చితోని ఏ సంబంధం లేదు. పంట పోయింది గని పిల్ల దక్కింది" అన్నది.

గిన్నె దేనికని అడిగాము. "పిడికెడు బియ్యానికి" అని బదులు వచ్చింది.

రెండు పాత్రల వంటిల్లు

పిడికెడు బియ్యం అనే మాట తెలుగు పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాలకు కొత్త కాదు. పూట వంటకు బియ్యం కొలిచి, కడిగి ఎసట్లో పోసే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేస్తుంది. వారమంతా పోగైన బియ్యాన్ని ఆదివారం చర్చికి తెస్తుంది. ఆ బియ్యం కొన్నిచోట్ల పాస్టరుగారి పోషణకు, కొన్నిచోట్ల దిక్కులేని వారి వంటకు పోతుంది.

డబ్బు లేని ఇంట్లోనూ కానుక ఉండవచ్చునని ఈ పద్ధతి చాటింది. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతం నుంచి 1909లో దోర్నకల్ వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసే వరకు దోర్నకల్ కేంద్రంగానే సేవ చేశారు. ఆయన సంఘాల్లో అత్యధికులు కూలీలు, చిన్నకారు రైతులు. కడుపేదలైనా సరే, పుచ్చుకునేవారిగా మాత్రమే మిగిలిపోకూడదని, ఇచ్చేవారు కూడా కావాలని ఆయన బోధించారు. పిడికెడు బియ్యం, కోతపండుగ ఆ బోధనకు ఆచరణ రూపాలయ్యాయి.

కోతపండుగ నాడు పల్లె చర్చి చూడదగ్గది. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, కూరగాయలు బలిపీఠం ముందు చేరతాయి. ఆరాధన ముగిశాక వాటికి వేలం పాట జరుగుతుంది. ఒక గుమ్మడికాయను పాడుకున్న వ్యక్తి దానిని మళ్లీ కానుకగా పెడతాడు, మరొకరు మళ్లీ పాడతారు. అలా ఒక కాయే నాలుగు చేతులు మారుతుంది. బజారులో అది వ్యాపారమయ్యేది, ఇక్కడ స్తోత్రమవుతుంది.

కరువులో లేచిన గోపురం

కృతజ్ఞత కడుపు నిండిన రోజు మాటే అయితే దానికి పెద్ద విలువ లేదు. తెలుగునాట క్రైస్తవ విశ్వాసం కరువు రోజుల్లోనే గట్టిపడిందనడానికి రెండు దృష్టాంతాలున్నాయి.

మొదటిది మెదక్ చర్చి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ప్రాంతాన్ని కరువు పీడించింది. పనులు లేక, గింజలు లేక జనం అల్లాడారు. అప్పుడు వెస్లియన్ మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కూలి పనితోబాటు తిండి దొరికేలా చర్చి నిర్మాణాన్ని తలపెట్టారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగింది. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి సుమారు 5,000 మంది కూర్చోగల మందిరం అది. 2024 క్రిస్మస్‌కు దానికి నూరేళ్లు నిండాయి. నేడు క్రిస్మస్‌కు అక్కడికి చేరే జనంలో అన్ని మతాలవారూ ఉంటారు. ఆ రాళ్లు మోసిన చేతులు ఆకలిగొన్న చేతులేనన్న సంగతి చూడవచ్చిన వారు మరువరాదు.

రెండవది ఒంగోలు. 1876-78 కరువు దక్షిణ భారతాన్ని ఊపిరాడనీయలేదు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి కల్పించారు. గమనించదగ్గ సంగతి మరొకటున్నది. కరువు సాయం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపివేశారు. గింజల కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, తిండికి విశ్వాసం బదులు తీర్చే బాకీ కారాదని ఆయన ఉద్దేశం. సాయం నిలిచిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇచ్చినవాడు కృతజ్ఞతను వసూలు చేస్తే అది వడ్డీ వ్యాపారమే అవుతుంది. పుచ్చుకున్నవాడు తనంత తాను చెబితేనే అది స్తోత్రం.

ఏడుపు వేరు, నిందించడం వేరు

కష్టకాలంలో స్తోత్రం చెప్పాలన్న బోధను కొందరు అపార్థం చేసుకుంటారు. బిడ్డ పోయిన తల్లితో "ఏడవకు, దేవునికి వందనాలు చెప్పు" అనేవారూ లేకపోలేదు. అది ఓదార్పు కాదు. బైబిల్లోని కీర్తనల్లో స్తుతి ఎంత ఉన్నదో, మొర కూడా అంతే ఉన్నది. నీవు నన్నెందుకు మరిచావని దేవుణ్ణి నిలదీసిన భక్తుల మాటలను ఆ గ్రంథం తుడిచివేయలేదు.

బేగం బజార్‌కు ఆనుకుని ఉన్న మూసీ ఒడ్డు ఈ సంగతికి సాక్ష్యం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు ఇంకా ఉన్నది. వరద జరిగిన నాడు కొందరు ఆ చెట్టు కింద చేరి చనిపోయినవారిని స్మరిస్తారు. అదే వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన దుఃఖాన్ని దాచుకోక కవిత్వంగా చెప్పుకున్నారు.

బతికినందుకు వందనం చెప్పి నగరం ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్‌ను 1920లో, హిమాయత్‌సాగర్‌ను 1927లో పూర్తి చేసుకున్నది. కృతజ్ఞత చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పదు. మేలు చేసినవారిని తలుచుకోమంటుంది, కీడుకు మందు వెతకమంటుంది.

ఇదే మాట గిన్నె కొన్న ఇల్లాలినీ అడిగాము: "పంట పోయినప్పుడు దేవుడి మీద కోపం రాలేదా అమ్మా?"

"ఎందుకు రాదు సారు? ఆస్పత్రిల వారం దినాలు ఆయనతోనే కొట్లాడిన. ఎవ్వరితోని కొట్లాడ్తమో, మేలు జరిగితె వాళ్లకే గదా ముందుగాల చెప్పేది" అన్నది. పంట నష్టానికి దరఖాస్తు కూడా పెట్టిందట. "అది నా హక్కు, ఇడ్వను. గిన్నె నా మొక్కుబడి, అదీ ఇడ్వను" అన్నది.

మొక్కుబడి అనే మాటకు మనం నేడు ఏదో నామమాత్రంగా చేసే పని అనే అర్థం కూడా తెచ్చిపెట్టుకున్నాము. ఆమె నోట ఆ మాట మళ్లీ అసలు బరువుతో వినిపించింది.

పదిమందిలో ఒక్కడు

బేగం బజార్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాటి ముందుకు నడిస్తే ఆబిడ్స్ వస్తుంది. ఆ చుట్టుపక్కలనే సెయింట్ జార్జి చర్చి, చాపెల్ రోడ్డులోని మెథడిస్టు చర్చి, గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథడ్రల్ ఉన్నాయి. సామాను కొనుక్కున్న పల్లెవాసులు కొందరు బస్సు ఎక్కే ముందు వాటిలో ఏదో ఒక దానిలోకి వెళ్లి, మూటలు పక్కన పెట్టుకుని కాసేపు మౌనంగా కూర్చుని వెళతారు.

2020లో ఆ తలుపులూ మూతపడ్డాయి. కరోనా కట్టడి వల్ల ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టర్ పండుగను క్రైస్తవులు ఇళ్లలోనే జరుపుకున్నారు. 2021 ఏప్రిల్‌లో రెండవ విడత విజృంభించినప్పుడు బేగం బజార్ వర్తకులు తమంతట తామే దుకాణాలను సాయంత్రం 5 గంటలకే కట్టివేయాలని నిర్ణయించుకున్నారు. లాభం కన్న ప్రాణం ముఖ్యమని టోకు బజారే ఒప్పుకున్న రోజులవి. అప్పుడు అన్నం పెట్టినవారిని, మందులు తెచ్చి గడప దగ్గర ఉంచి వెళ్లినవారిని మనలో ఎందరు వెతికి పలకరించాము?

లూకా సువార్తలో పదిమంది కుష్ఠురోగుల వృత్తాంతం ఉన్నది. పదిమందీ బాగుపడ్డారు. తిరిగి వచ్చి వందనం చెప్పినవాడు ఒక్కడే. అతడు కూడా పరాయి జాతివాడని లోకం తక్కువగా చూసిన సమరయుడు. మిగిలిన తొమ్మిదిమంది చెడ్డవారని ఆ కథ చెప్పలేదు. బాగుపడ్డాక తిరిగి రాలేదు, అంతే. మనలో ఎక్కువమందిమి ఆ తొమ్మిదిమంది లోని వారమే.

మళ్లీ వెనక్కి నడవడం కష్టమైన పనేమీ కాదు. ఇందుకు పెద్ద సభలు అక్కరలేదు. పొద్దున పొయ్యి వెలిగించేటప్పుడు నిన్నటి రోజున మేలు చేసిన ఒక్కరి పేరు తలుచుకోవచ్చు. కష్టంలో ఆదుకున్న వారి గడపకు పండుగ పూట వెళ్లి రావచ్చు. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు పక్కన పెట్టవచ్చు. ఇది క్రైస్తవులకు మాత్రమే చెందిన నీతి కాదు. కళ్లంలో కొలతకు ముందే అడిగిన వారికి గింజలు పెట్టిన రైతుకు ఎవరూ వేరే నేర్పనక్కరలేదు.

పేరు లేని గిన్నె

చివరకు బేరం కుదిరింది. గిన్నె తూచి, సేటు చిల్లర కొంత తగ్గించాడు. ఇత్తడి దుకాణాల్లో సామాను మీద పేరు చెక్కి ఇవ్వడం ఆనవాయితీ. "పేరు చెప్పమ్మా, చెక్కిస్త" అన్నాడు.

ఆమె కాసేపు ఆలోచించింది. కూతురి పేరు చెప్పబోయి ఆగింది. రక్తమిచ్చిన నలుగురి పేర్లు చెక్కితే ఎంతవుతుందని అడిగింది. అంతలోనే తల అడ్డంగా ఊపింది.

"ఎవ్వరి పేరు వద్దు సేటు. పేరుంటె అండ్ల బియ్యం తీస్కునేటోళ్లకు బాకీ లెక్క అనిపిస్తది" అన్నది.

సేటు గిన్నెను పాత కాగితంలో చుట్టి పురికొసతో కట్టి ఇచ్చాడు. చీకటి పడక ముందే ఊరి బస్సు అందుకోవాలని ఆమె గౌలిగూడ వైపు వడివడిగా నడిచి జనంలో కలిసిపోయింది.