పరుగు నోటిఫికేషన్ కోసమేనా?

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, మరిపెడ చుట్టుపక్కల ఊళ్లల్లో, తండాల్లో తెల్లారకముందే అడుగుల చప్పుడు మొదలవుతుంది. వరంగల్–ఖమ్మం రోడ్డు అంచున లారీల లైట్ల వెలుతుర్లో పిల్లలు ఉరుకుతుంటారు. 2022 నియామకాల్లో అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలన్నారు. ఈవెంట్స్ అనే ఈ పరీక్షలు అయిపోతాయి. మర్నాటి నుంచి రోడ్డు ఖాళీ, బూట్లు అటక మీద.

అపోహ: పరుగైనా, కసరత్తైనా ఏదో ఒక సెలక్షన్ కోసమే.

వాస్తవం: మూడు నెలలు చెమటోడ్చి తెచ్చుకున్న దమ్ము, మానేసిన రెండు మూడు వారాలకే తగ్గడం మొదలవుతుంది. పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజూ సగటున గంటసేపు, ఆపై వయసువాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల్లో మన దేశంలో బడికి పోయే 11–17 ఏళ్ల పిల్లల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆ గంట కూడా కదలడం లేదని తేలింది.

అపోహ: మనది పల్లె, పొలం పనే కసరత్తు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. మిరప తోటలో నడుం వంచి కాయలు ఏరే అమ్మకు అది శ్రమే, లెక్కలోకి వస్తుంది. కానీ కొడుకు సంగతేంటి? దున్నడానికి ట్రాక్టర్, కోయడానికి హార్వెస్టర్, కిరాణం దాకా పోవడానికి బండి. సాయంత్రమైతే ఆ బండి మీదే, ఒక కాలు నేలకు ఆనించి, మెడ వంచి ఫోన్లో క్రికెట్ చూస్తుంటాడు. తల్లి కష్టంతో కొడుకు గుండె గట్టిపడదు.

అపోహ: ఆటలు మగపిల్లలకు, లేదంటే పతకాలు తెచ్చేవాళ్లకు.

వాస్తవం: జీవాంజి దీప్తిది మన ఉమ్మడి వరంగల్ జిల్లా, పర్వతగిరి మండలం కల్లెడ. కూలి చేసుకునే అమ్మానాన్నల బిడ్డ. మేధోపరమైన వైకల్యంతో పుట్టిందని చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి చేశారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ఇలాంటి వైకల్యం ఉన్నవాళ్లు పోటీపడే టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ప్రతి ఆడపిల్లా దీప్తి కానక్కర్లేదు, ఆడుకోవడానికి పతకం షరతు కాకూడదన్నదే నా మాట. నెలసరి రోజుల్లో ఆడకూడదన్న మాటకూ వైద్యంలో ఆధారం లేదు. నడక, తేలికపాటి కసరత్తుతో చాలామందికి కడుపునొప్పి తగ్గుతుంది కూడా. నొప్పి, రక్తస్రావం మరీ ఎక్కువైతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అపోహ: ఆటలల్ల పడితే చదువు పాయె.

వాస్తవం: కాసేపు ఆడి వచ్చిన పిల్లలకు పాఠం మీద ధ్యాస మెరుగవుతుందని పరిశోధనలు చూపాయి. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేయడం పిల్లలకు మేలు కాదు.

మరి ఆడేదెక్కడ అంటారా? 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలని మొదలుపెట్టారు. మీ ఊరి ప్రాంగణాన్ని ఒకసారి చూసి రండి. పిచ్చిచెట్లు మొలిచి ఉంటే నలుగురు కలిసి ఈ ఆదివారం కొట్టేయండి. సోమవారం సాయంత్రం కబడ్డీ కోర్టులోకి ముందుగా ఆడపిల్లల్ని పిలవండి.