అడవికి కావలి

అడవిని కాచునది శాసనమా, మనుష్యుడా? అమెరికాలో ప్రభుత్వారణ్యములను ప్రత్యేకించు శాసనము 1891లో పుట్టెను. 1905లో అవి గిఫోర్డు పింషో నాయకత్వమున అటవీశాఖ వశమయ్యెను. అయినను 1910 ఆగస్టు 20, 21 తేదీలలో ఐడహో, మోంటానా ప్రాంతములందు పెనుగాలికి కార్చిచ్చు చెలరేగి సుమారు 30 లక్షల యెకరములను దహించెను.

నాడు వాలెసు పట్టణము చెంత రేంజరు ఎడ్వర్డు పులాస్కీ తన వెంటనున్న నలువదిమందికి పైబడిన కూలీలను గని సొరంగమున జొనిపి, బెదరి వెలికి పరుగెత్తజూచినవారిని పిస్తోలు చూపి నిలిపెను. ఐదుగురు మరణించిరి, తక్కినవారు బ్రదికిరి.

ఆయన కన్నులు చెడెను. చికిత్సకు సర్కారు సొమ్ము రాలేదు. మంటల నరికట్టు గొడ్డలి యొకటి మాత్రము నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. పేరు నిలుపుట సులభము. అడవి జాతి సొత్తయినచో, దానిని కాచువాని గాయమును జాతిదే కావలదా?