‘మాతృదేవోభవ’ చూసి ఏడ్చారా? అయితే ఒక్క మాట!

‘మాతృదేవోభవ’ సినిమా చూశారా మీరు? చూసే ఉంటారు లెండి. 1993లో వచ్చిన సినిమా అయినా, దాని పేరు చెబితే చాలు, ఇప్పటికీ ఆడవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. "అమ్మో, ఆ సినిమానా! నేను చూడలేను బాబూ" అంటూనే టి.వి. ముందు కూర్చుంటాం. పది నిమిషాలు తిరక్కుండానే కొంగు కళ్ళ మీదికి వెళుతుంది. పొయ్యి మీద పాలు పొంగినా పట్టదు!

ఇంతగా ఏడిపించే సినిమాని మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తామంటారు? నవ్వుకోడానికి బోలెడు సినిమాలున్నాయి కదా! ఎప్పుడైనా ఆలోచించారా?

కథ మీకు తెలిసిందే. భర్తని పోగొట్టుకున్న ఓ ఇల్లాలు. ఆమెకి బ్లడ్ కాన్సర్. నా అనేవాళ్ళు ఎవరూ లేరు. తను పోయేలోగా పిల్లల్ని ఒక్కొక్కరినీ ఓ ఇంటికి చేర్చాలి. పసివాళ్ళని ముద్దుగా తీసుకెళ్ళేవాళ్ళు దొరుకుతారు గానీ, కాలు సరిగా లేని పిల్లాణ్ణి మాత్రం ఎవరూ అడగరు. ఆ తల్లిగా మాధవి నటన, కీరవాణి సంగీతం, రాలిపోయే పువ్వు మీద వేటూరి రాసిన పాట... ఒకటా రెండా! ఆ పాటకే వేటూరికి ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు వచ్చింది.

ఇది కట్టుకథేం కాదు

అమెరికాలో లూసిల్ ఫ్రే అనే తల్లి ఉండేది. పదిమంది పిల్లలు. భర్త వాళ్ళని సాకగలిగే స్థితిలో లేడు. 1950ల తొలి రోజుల్లో ఆమెకి కాన్సర్ అని తేలింది. తను కన్నుమూసేలోగా తన పిల్లలకి తనే ఇళ్ళు వెతికింది. ఆమె జీవితం మీద 1983లో అక్కడ టి.వి. సినిమా తీశారు. ఆ కథ స్ఫూర్తితో 1993లో మలయాళంలో ‘ఆకాశదూతు’ వచ్చింది. అందులోనూ తల్లి మాధవే. అదే మన తెలుగులో ‘మాతృదేవోభవ’ అయింది. 2008లో మనీషా కొయిరాలాతో హిందీలో ‘తులసి’గానూ వచ్చింది. చూశారా, ఊళ్ళు వేరు, భాషలు వేరు. తల్లి బెంగ మాత్రం ఒక్కటే. "నా తర్వాత వీళ్ళకెవరు?"

మనం ఏడ్చేది తెర మీది తల్లి కోసమే అనుకుంటాం. కాదేమో! ఆ ప్రశ్న మనలోనూ ఉంది. పగలంతా వంట, బట్టలు, పిల్లల స్కూలు బస్సు... ఈ సందడిలో దాన్ని అడుగుకి తోసేస్తాం. ఇలాంటి సినిమా వచ్చి మూత తీస్తుంది.

యక్షుడు అడిగింది కూడా ఇదే

భారతంలో యక్షుడు ధర్మరాజుని అడుగుతాడు, లోకంలో అన్నిటికంటే వింత ఏమిటని. రోజూ ఎందరో పోతూ ఉన్నా, తాము మాత్రం శాశ్వతమనుకుంటారు మనుషులు, అంతకంటే వింత ఏముంది అంటాడు ధర్మరాజు. పురాణ కాలక్షేపంలో విన్నప్పుడు తలూపి ఊరుకుంటాం. అదే మాట సినిమాలో ఓ తల్లి రూపంలో ఎదురైతే గుండెకి తగులుతుంది.

మా దుండిగల్‌లో ఉండేవాళ్ళకి ఈ సంగతి ఇంకాస్త బాగా తెలుసు. ఇక్కడ ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. బట్టలారేస్తూ పైకి చూస్తే శిక్షణ విమానాలు తిరుగుతూ కనిపిస్తాయి. ఆ మోత మాకు రుబ్బురోలు చప్పుడంత మామూలు. 2023 డిసెంబర్ 4న ఇక్కణ్ణుంచి లేచిన శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలిపోయి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఆ వేళ వాళ్ళెవరో ఎరగని ఇళ్ళల్లో కూడా ఆడవాళ్ళు "ఏ తల్లి కన్న బిడ్డలో!" అని అన్నం ముద్ద మింగలేకపోయారు. మర్నాడు మళ్ళీ వంట, మళ్ళీ టిఫిన్ డబ్బాలు. బతుకంటే అదే మరి!

చావు కథల్లో బతుకు పాఠం

చావు గురించిన సినిమాలన్నీ ఒకే తీరుగా ఉండవు. 1989లో మణిరత్నం తీసిన ‘గీతాంజలి’ చూడండి. హీరో, హీరోయిన్ ఇద్దరికీ బతికేది కొద్ది రోజులే. అయినా ఆ పిల్ల అల్లరి చేస్తుంది, నవ్వుతుంది. మిగిలిన రోజుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చోదు.

1952లో జపాన్ దర్శకుడు కురోసావా ‘ఇకిరు’ అనే సినిమా తీశాడు. ఆ మాటకి ‘బతకడం’ అని అర్థం. సుమారు ముప్ఫై ఏళ్ళుగా ఫైళ్ళ మీద ముద్రలు కొట్టే ఓ మున్సిపల్ ఉద్యోగికి కడుపులో కాన్సర్ అని తెలుస్తుంది. ఇన్నాళ్ళూ తను అసలు బతకనే లేదని అప్పుడు తోస్తుంది. తమ వాడలో పిల్లలు ఆడుకోడానికి పార్కు కావాలని తల్లులంతా ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. ఆ ఒక్క పని పూర్తిచేసి మరీ కన్నుమూస్తాడు. చిన్న పనే! కానీ ఆ బతుక్కి అర్థం దొరికింది.

మన ‘మాతృదేవోభవ’ తల్లి చేసిందీ అదే కదూ? ఎన్నాళ్ళు బతికిందన్నది కాదు, ఉన్న నాలుగు రోజుల్లో ఏం అమర్చి వెళ్ళిందన్నదే లెక్క.

మన తెలంగాణలో పెత్తరమాస గుర్తు తెచ్చుకోండి. పొద్దున పోయిన పెద్దల పేరున బియ్యం ఇస్తాం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ పేర్చి ఆడతాం. పొద్దున చావు తలపు, సాయంత్రం పూల పండగ! పేర్చిన పూలు నీళ్ళలో కలిసిపోతాయని తెలిసీ ఎంత ముచ్చటగా పేరుస్తాం! మన పెద్దవాళ్ళు ఒక్క రోజులోనే ఎంత అర్థం పెట్టారో చూడండి.

కన్నీళ్ళు తుడుచుకున్నాక...

ఏడిస్తే మనసు తేలికవుతుంది, నిజమే. కానీ అక్కడితో ఆగిపోకండి. ఆ తల్లికి సమయం లేదు, తోడు లేదు. మనకి ఉన్నాయి. ఈ వారమే ఈ నాలుగు పనులూ మొదలుపెట్టండి.

• ఒంట్లో నలత దాచుకోకండి. సినిమాల్లో తల్లులు దాచుకుంటే త్యాగం, మన ఇంట్లో దాచుకుంటే ప్రమాదం. తగ్గని నీరసం, మాటిమాటికీ జ్వరం, చిగుళ్ళ నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి. 1993 నాటి రోజులు కావివి. కొన్ని రకాల బ్లడ్ కాన్సర్లని ఇప్పుడు రోజూ వేసుకునే మాత్రలతోనే ఏళ్ళ తరబడి అదుపులో ఉంచుతున్నారు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సర్ ఆస్పత్రి ఉంది.

• బ్యాంకు పాసుబుక్కు, బీమా కాగితాలు, బంగారం కుదువ పెట్టిన రసీదులు ఎక్కడున్నాయో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. ప్రతి ఖాతాకీ నామినీ పేరు రాయించారో లేదో చూసుకోండి.

• చిన్నపిల్లలున్నవాళ్ళు "మనకేమన్నా అయితే ఎవరు చూస్తారు?" అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. అశుభం పలకకూడదని ఊరుకోకండి. చెల్లెలో, ఆడపడుచో, ఎవరనుకుంటే వాళ్ళని ముందుగా అడగండి. వీలునామాలో పిల్లలకి గార్డియన్‌ని ఎలా రాయాలో వకీలు చెబుతారు. ముఖ్యంగా, ప్రత్యేకంగా చూసుకోవలసిన బిడ్డ ఉంటే ఈ పని అసలు వాయిదా వేయకండి. సినిమాలో చివరిదాకా మిగిలిపోయింది ఆ బిడ్డే మరి!

• ఓ నోటుబుక్కు పెట్టండి. పిల్లలకి ఏ మందు పడదు, టీకాలు ఎప్పుడు వేయించారు, ఎవరికి ఏ కూర ఇష్టం... అన్నీ రాయండి. మీ ఆవకాయ కొలతలు కూడా! మీరు నూరేళ్ళు ఉన్నా, ఆ పుస్తకం మీ కోడలికి పనికొస్తుంది.

మా వీధిలో ఒక పెద్దావిడ ఇలాగే అన్నీ రాసి, బీరువా తాళంచెవితో సహా కోడలి చేతిలో పెట్టింది. "అప్పుడే ఏం తొందరత్తా?" అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "పోవడానికి కాదే పిల్లా, ఇక నిమ్మళంగా ఉండటానికి" అని నవ్వేసిందట. ఆ వారమే సంఘం ఆడవాళ్ళతో కలిసి యాదగిరిగుట్టకి బయల్దేరింది.

చావుని తలుచుకోవడం దిగులు పడటానికి కాదు. ఇవాళ్టి రోజు విలువ తెలుసుకోడానికి. ఈసారి ఆ సినిమా వస్తే తప్పకుండా చూడండి, కరువుతీరా ఏడవండి. అయిపోగానే లేచి, స్కూలు నుంచి వచ్చిన పిల్లల్ని ఒక్కసారి దగ్గరికి తీసుకోండి. హోంవర్కు సంగతి తర్వాత!